బొంగురు గొంతు కెప్టెన్

ఏడు సముద్రాల అవతల కూర్చున్న ఒక సినిమా కంపెనీ మా కెప్టెన్‌ను మార్చింది. బోధన్‌లో మా ముందుగదిలో బీడీలు చుట్టే ఆడవాళ్లు ఆ మార్పును ఒప్పుకోలేదు. ఈ మాట చెబితే నిజామాబాద్‌లో నేను పనిచేసే ప్రైవేటు బడిలో తోటి టీచర్లు నవ్వారు. హైదరాబాద్‌లో ఉండే సినిమా అభిమానులు ఇంకా ఎక్కువ నవ్వారు. నవ్వితే నవ్వనీ. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అనలేదు.

ఆ సినిమాల పేరు ఇక్కడ రాయను. రాస్తే వాళ్లకు ఇంకో ఉచిత ప్రచారం. కథ మాత్రం చెబుతాను. భూమి ఎండిపోయాక వేలమంది మనుషుల్ని ఎక్కించుకుని ఒక ఓడ ఆకాశంలో పోతూ ఉంటుంది. గింజ వేస్తే మొలిచే మట్టి ఎక్కడైనా ఉందా అని వెతుకుతూ ఉంటుంది. ఆ ఓడకు కెప్టెన్ ఒక ఆడమనిషి. వెనకాల ఎక్కడో కేంద్రం అని ఒకటుంటుంది. అక్కడ కూర్చున్న పెద్దమనుషులు ఓడలో ఉన్నవాళ్ల బతుకుల గురించి ఆజ్ఞలు పంపిస్తుంటారు. ఆమె కాదంటూ ఉంటుంది. భాగం తర్వాత భాగం ఇదే గొడవ. నేను డిగ్రీ చదివేటప్పుడు నిజామాబాద్ థియేటర్లో మొదటి భాగం చూశాను. బోధన్ బస్సులో ఇంటికొస్తూ కిటికీలోంచి ఆకాశం వైపే చూస్తూ కూర్చున్నాను. సైన్సు టీచరు కావాలన్న బుద్ధి కూడా ఆ బస్సులోనే పుట్టింది.

తర్వాత ఆ సినిమాలు తెలుగు చేసి టీవీలో వేయడం మొదలుపెట్టారు. ఎక్కువగా ఆదివారం మధ్యాహ్నాలు. మా వాడలో పెద్ద టీవీ మాదే. చుట్టుపక్కల ఆడవాళ్లు చాటలు చంకన పెట్టుకుని మా ముందుగదికి వచ్చేవారు. నన్ను కన్న మా అవ్వ కూడా చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టే మనిషే. ఒంటరిగా చుడితే చేతులు నడవవంటుంది.

బీడీలు చుట్టేవాళ్లు టీవీ చూడరు, వింటారు. తునికాకు కత్తిరించాలి, తంబాకు పరవాలి, చుట్టాలి, మూతి మడవాలి, దారం కట్టాలి. చూపు కాస్త పక్కకు జరిగితే తంబాకు ఎక్కువో తక్కువో పడుతుంది. అట్లాంటి బీడీలను కార్ఖానాలో లెక్క చూసి తీసుకునే టేకేదారు తీసి అవతల పడేస్తాడు. అందుకే ఒళ్లో చాట, చాటలో చూపు, చెవి మాత్రం టీవీ వైపు. తెర మీద మాటలు లేకుండా బొమ్మలు మాత్రమే వస్తే గదిలో గొడవ మొదలయ్యేది.

"ఏమైతుందే ఇప్పుడు? సప్పుడు లేదు."

"ఓడ తిరుగుతుంది అవ్వా."

"ఎటు తిరుగుతుంది? ఎనకకా, ముంగటికా?"

నేను క్రికెట్ కామెంటరీ చెప్పినట్టు చెప్పేదాన్ని. నక్షత్రం పేలితే పేలిందని, ఎవరైనా ఏడిస్తే ఏడ్చారని. కోట్లు పోసి తీసిన ఆ వెలుగులు, పొగలు, ఉల్కల వానలు మా ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. మాటలే వారికి సినిమా.

వచ్చేవాళ్లలో మా చిన్నమ్మ ఒకతి. మా అవ్వకు సొంత చెల్లెలు. చందూర్‌లో ఇచ్చారు. చిన్నాయన లారీ పనికి బోధన్ వచ్చాక మా వాడలోనే ఇల్లు తీసుకున్నారు. మనిషి చక్కగా ఉంటుంది, చెయ్యి చురుకు, గొంతు మాత్రం బొంగురు. ఫోనెత్తి మాట్లాడితే అవతలి వాళ్లు "అన్నా, అక్కకియ్యి" అంటారు. పెళ్లిచూపుల రోజు మా అమ్మమ్మ ఆమెతో, అడిగినదానికి తల ఊపు, నోరు మాత్రం తెరవకు అని చెప్పిందట. బతుకమ్మ ఆడేటప్పుడు అందరూ పాట అందుకుంటే ఈమె చప్పట్లు కొడుతూ తిరుగుతుంది. పాడొద్దని ఎవరూ అనలేదు. పాడమని కూడా ఎవరూ అనలేదు. ఏళ్లు గడిచేసరికి మాట తక్కువ మనిషని పేరు వచ్చింది, ఆమె కూడా ఆ పేరుకు అలవాటు పడిపోయింది.

టీవీలో కెప్టెన్ మొదటిసారి నోరు తెరిచిన రోజు నాకు బాగా గుర్తు. తెలుగులో ఆమెకు గొంతిచ్చిన మనిషిది కూడా బొంగురు గొంతే. గరుకుగా, బరువుగా ఉంటుంది. అరవకుండానే అందరికీ వినపడుతుంది. తలుపులు మూయండి, ఎవరూ వెనక్కి చూడొద్దు అన్నది. ఓడంతా పరుగెత్తి తలుపులు మూసింది. చిన్నమ్మ చేతిలో ఆకు ఆగిపోయింది.

"ఎవలే గామె?"

"కెప్టెన్."

"ఆడామెనేనా?"

"ఆడామెనే చిన్నమ్మా."

"గామె చెప్తే మొగోళ్లు గూడ ఇంటున్నరా?"

"ఎందుకు వినరు? ఓడ ఆమెది."

 చిన్నమ్మ మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఓడ సినిమా ఉన్న ఏ ఆదివారమూ ఆమె రాకుండా ఉండలేదు. జ్వరమొస్తే దుప్పటి కప్పుకుని వచ్చింది. తర్వాత్తర్వాత కార్ఖానాలో టేకేదారు ఆమె బీడీలు తీసి పడేయబోతే "ఆగు. మల్ల సూడు" అన్నదని అవ్వ వచ్చి చెప్పింది. అరవలేదట, ఊరికే అన్నదట. టేకేదారు మళ్లీ చూశాడట. గది గదంతా ఆ రోజు పండగ చేసుకుంది. అప్పటి నుంచి ఆ తెరమీది మనిషికి మా వాడలో పేరు కెప్టెనమ్మ.

మూడో భాగంలో కంపెనీ కెప్టెన్ వేషం వేసే నటిని తీసేసి ఇంకొకామెను పెట్టింది. ఎందుకో చెప్పలేదు. ప్రపంచమంతా గగ్గోలు. లోకంలో ఉన్న అభిమానులందరూ ఇంటర్నెట్‌లో దుమ్మెత్తిపోశారు. నేను ఊరుకుంటానా? నా ఫోన్లో బొమ్మ తీసేసి నల్ల రంగు పెట్టాను. బడిలో స్టాఫ్‌రూంలో చాక్‌పీసు విరిగేదాకా వాదించాను. నెలలు గడిచినా కోపం ఆరక ఒక ఆదివారం మా ఆడవాళ్లకు చెప్పాను, కెప్టెన్‌ను మార్చేశారు, ఇంత అన్యాయం ఉంటుందా అని.

"ఎప్పుడు మార్చిండ్రు?" అన్నది అవ్వ.

మూడో భాగం అప్పటికే టీవీలో వచ్చి పోయింది. వాళ్లు రెండోసారి కూడా విన్నారు. ఎవరికీ ఏ మార్పూ కనపడలేదు. కనపడటానికి ఎవరైనా చూస్తే కదా. నేను ఫోన్లో ఇద్దరు నటీమణుల బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించాను. మాక్లూర్ నుంచి మా వాడకు కోడలిగా వచ్చిన అక్క ఒకామె ఫోను దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసింది.

"ఇద్దరు తెల్లగనే ఉన్నరు గదనే. గిండ్ల మారిందెవరు?"

"మన కెప్టెనమ్మ మాట్లాడుతనే ఉన్నది గద," అన్నది చిన్నమ్మ. "నువ్వు గింత పరేషాన్ ఎందుకైతున్నవ్ బిడ్డ?"

నాకు ఒళ్లు మండింది. ముక్కు మారిందని, ఎత్తు మారిందని, నడక మారిందని ఏకరువు పెట్టాను. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదే అనుకున్నాను. ఆ తర్వాత నాలో నేనే నవ్వుకున్నాను. లోకమంతా ఏడుస్తుంటే వీళ్లు ఏమీ పోగొట్టుకోలేదు. వాళ్ల కెప్టెన్ వాళ్ల దగ్గరే భద్రంగా ఉంది.

అసలు ఆ గొంతు ఎవరిదో తెలుసుకోవాలని నేను చాలా వెతికాను. టీవీలో సినిమా అయిపోగానే పేర్లు పడతాయి, పడీ పడకముందే ప్రకటన వస్తుంది. ఇంటర్నెట్‌లో ఓడకు రంగు వేసినవాళ్ల పేర్లు కూడా ఉన్నాయి, ఆమె పేరు లేదు. చానల్‌కు రాస్తే జవాబు రాలేదు. మద్రాసులో ఉంటుందో, హైదరాబాద్‌లో ఉంటుందో, ఏం తింటుందో, పిల్లలున్నారో లేదో మాకు తెలియదు. మా చిన్నమ్మకు మాత్రం అక్క లాంటిది.

పోయిన ఏడు కంపెనీ చివరి భాగం ప్రకటించింది. అభిమానులు పాత నటినే తీసుకురావాలని పట్టుబట్టారు. ఎన్ని దేశాల వాళ్లో సంతకాలు పెట్టారు, నేనూ పెట్టాను, బడిలో పదో తరగతి పిల్లల చేత కూడా పెట్టించాను. కంపెనీ దిగొచ్చింది. పాత నటి తిరిగి వస్తున్నదని ప్రకటించారు. నా జీవితంలో నేనున్న పక్షం గెలవడం అదే మొదలు. బోధన్ బస్టాండ్ దగ్గర వేడి జిలేబీ కట్టించుకుని ఇంటికి వెళ్లాను. అందరికీ పంచి, తెలుగు ట్రైలర్ టీవీలో పెట్టాను.

తెర మీద పాత ముఖం వచ్చింది. జుట్టు కాస్త నెరిసింది, కళ్లు అవే. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. అదే సమయానికి నా వెనకాల కత్తెరల చప్పుడు ఆగిపోయింది.

"గీ పొల్ల ఎవరే?" అన్నది అవ్వ.

"పాత కెప్టెనే అవ్వా. తిరిగి తెచ్చినం. గెలిచినం."

"కాదు. గిప్పుడు మాట్లాడినామె. తేనె వోసినట్టు మాట్లాడుతుంది. మన కెప్టెనమ్మ ఏది?"

నేను అప్పుడు విన్నాను. అప్పటిదాకా చూస్తున్నాను, వినలేదు. సన్నటి గొంతు, పాటలు పాడుకునే గొంతు. కేంద్రం వాళ్లతో యుద్ధానికి దిగుతూ కూడా అలిగిన కొత్త పెళ్లికూతురులా మాట్లాడుతోంది. ఫోను తీసి చూస్తే పోస్టర్ మీదే ఉంది. తెలుగులో కెప్టెన్‌కు ఒక కుర్ర హీరోయిన్ గొంతిచ్చిందని, ఆమె బొమ్మ కూడా పక్కన వేశారు. నటి పేరంత పెద్ద అక్షరాలు. పాత గొంతు మనిషికి ఇన్ని సినిమాల్లో చీమంత అక్షరం దక్కలేదు.

"గామెకు ఏమైంది?" అన్నది చిన్నమ్మ.

"ఎవరికి?"

"ఇన్నొద్దులు మాట్లాడినామెకు. పానం మంచిగ లేదా?"

"పానం మంచిగనే ఉండొచ్చు చిన్నమ్మా. తీసేసిండ్రు."

"ఎందుకు?"

నేను అబద్ధం ఆడి ఉండాల్సింది. కంపెనీ వాళ్లు రాసింది రాసినట్టు చదివాను. ఈ తరానికి నచ్చే తాజా గొంతు కావాలనుకున్నారట. చిన్నమ్మ ఆకులన్నీ తడిగుడ్డలో చుట్టుకుంది. జిలేబీ ముట్టలేదు.

"బొంగురుగున్నదని తీసేసిండ్రు," అన్నది. "నాకు తెల్వదా గా సంగతి."

చాట ఎత్తుకుని వెళ్లిపోయింది. తర్వాత ఆదివారం రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఇంట్లోనే కూర్చుని ఒక్కతే చుట్టుకుంటోందని అవ్వ చెప్పింది. కార్ఖానాలో టేకేదారు బీడీలు తీసి పడేస్తుంటే పల్లెత్తు మాట అనకుండా నిలబడిందట.  ఒక కెప్టెన్ నోరు మూయిస్తే ఎవరి నోరు మూతబడుతుందో ఆ కంపెనీలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా ఉండదు.

అభిమానుల గ్రూపులో రాశాను. తెలుగు అభిమానులంతా అందులోనే ఉంటారు, ఎక్కువమంది హైదరాబాద్ కుర్రాళ్లు. పాత నటి కోసం పోరాడాం కదా, పాత గొంతు కోసం కూడా అడుగుదాం అన్నాను. ఒకడు నవ్వుతున్న బొమ్మ పెట్టాడు. ఇంకొకడు, నిజమైన అభిమాని ఎవడూ డబ్బింగ్ చూడడు, ఇంగ్లీషులో పెట్టుకుని కింద అక్షరాలు చదువుకో అని సలహా ఇచ్చాడు. మీరు కింద అక్షరాలు చూస్తారు, మావాళ్లు కింద ఆకు చూస్తారు, ఇద్దరి చూపూ కిందే, మీకు అభిమానం ఎక్కడ ఎక్కువైందో చెప్పండి అని రాశాను. బీడీలు చుట్టేవాళ్లకు అంతరిక్షం ఎందుకు అక్కా అన్నాడు మరొకడు. అక్కా అన్నాడు కాబట్టి బతికిపోయాడు. వాడికి నేను రాసింది ఇక్కడ అచ్చులో పెట్టలేను.

సినిమా విడుదలకు ముందు కంపెనీ తరఫున తెలుగు ప్రచారం చూసే ఒకాయన ఇంటర్నెట్‌లో లైవ్ పెట్టాడు. అభిమానుల ప్రశ్నలకు జవాబులు చెబుతానన్నాడు. కొత్త ఓడ ఎంత పెద్దది, బాంబులెన్ని, ఇట్లాంటివి అడుగుతున్నారు. నా వంతు వచ్చింది. పాత గొంతు ఎందుకు తీసేశారని అడిగాను.

"ప్రేక్షకుల అభిప్రాయం తీసుకునే నిర్ణయించామండి," అన్నాడు, చాలా మర్యాదగా.

"ఎవరి అభిప్రాయం సార్?"

"మన తెలుగు ప్రేక్షకులదేనండి."

"మా బోధన్‌లో ఎవరినీ అడగలేదు సార్."

ఆయన చిన్నగా నవ్వాడు. "బోధన్ అంటే... ఎక్కడండీ?"

నేను చెప్పాను. నిజామాబాద్ నుంచి ఎడపల్లి మీదుగా వస్తే చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఊరని, అది మూతబడి ఏళ్లయిందని, బొంగురు గొంతున్న ఒక మనిషి మీ పాత కెప్టెన్ మాట విని తన మాట తాను చెప్పుకోవడం నేర్చుకుందని, మీరు ఆ గొంతు తీసేస్తే ఆమె మళ్లీ తల దించుకుందని. ఎంతవరకు చెప్పానో, ఎక్కడ నా మైకు కట్ చేశారో నాకు తెలియదు. నేను చెబుతూనే ఉన్నాను, తెర మీద ఆయన అప్పటికే ఇంకొకరికి బాంబుల సంగతి వివరిస్తున్నాడు. సాయంత్రానికి గ్రూపులోంచి కూడా నన్ను తీసేశారు.

ఇంట్లో మేము బాపు అని పిలిచే నాన్న మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. ఆయన ఆ మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీలోనే పనిచేసిన మనిషి. తెరుస్తామన్న మాట ఎన్ని నోళ్ల నుంచి విన్నాడో లెక్క లేదు. విన్న ప్రతిసారీ చొక్కా ఇస్త్రీ చేయించుకుని గేటు దాకా పోయి వచ్చేవాడు.

"యాడనో కూసొని చేసేటోళ్లకు మనం కండ్లవడం బిడ్డ," అన్నాడు.

"మరి మీరు ధర్నాలు ఎందుకు చేసిండ్రు బాపు?"

"కండ్లవడాలని చేయలే. ఒప్పుకోలేదని చెప్పాలె గద, గందుకు చేసినం."

ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. గెలుస్తానని కాదు. ఒప్పుకోలేదని చెప్పడానికి ఎవరి మైకూ అక్కర్లేదని అర్థమైంది.

సినిమా నిజామాబాద్‌కు వచ్చింది. టికెట్లు నేను తీస్తానన్నాను, ఆటో పెడతానన్నాను. మా ఆడవాళ్లు ఒక్కరూ కదల్లేదు. "మనల అడగకుంట మార్చినోళ్ల సీన్మకు మనం వోయేదేంది?" అన్నది అవ్వ. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి అని బాపు వెక్కిరించాడు. ఉలిపికట్టెలమే, ఏమైంది ఇప్పుడు అన్నది మాక్లూర్ అక్క.

నేను మాత్రం ఆగలేకపోయాను. బడి వదిలాక ఒక్కదాన్నే వెళ్లి చూశాను. హాలు నిండా ఈలలు. ఓడకు చివరికి మట్టి దొరికింది. నల్లటి, తడి మట్టి. కెప్టెన్ చేతిలోకి తీసుకుని వాసన చూస్తే నా ముక్కుకు కూడా తగిలినట్టయింది. అక్కడ ఆపి ఉంటే ఆ సన్నటి గొంతును కూడా క్షమించేదాన్నేమో. అక్కడ ఆపలేదు. కేంద్రం నుంచి ఒక కుర్ర ఆఫీసరు దిగుతాడు. ఓడను నడిపే అధికారానికి గుర్తుగా కెప్టెన్ మెడలో ఒక బిళ్ల ఉంటుంది. అన్ని భాగాల్లో ఎవరడిగినా ఇవ్వని ఆ బిళ్లను ఆమె తీసి వాడి చేతిలో పెడుతుంది. ఇక ఓడ మీది, నా పని అయిపోయింది అంటుంది. తలదించుకుని పొగమంచులోకి నడిచిపోతుంది. హాలంతా చప్పట్లు. ఆ ఆఫీసరే హీరోగా కొత్త సినిమాలు మొదలవుతాయని తెర మీద అక్షరాలు పడ్డాయి.

నేను చప్పట్లు కొట్టలేదు. నా పక్కనున్నవాడు లేచి నిలబడి కొడుతుంటే, నువ్వు ఇన్ని భాగాలు ఏం చూశావురా అని అడగాలనిపించింది. ఆమె అలసిపోయిందంటే నమ్ముతాను. చచ్చిపోయిందన్నా ఏడ్చి ఊరుకుంటాను. ఎదిరించిన మనిషి చేత ఎదురు పక్షానికి ఆ బిళ్ల ఇప్పించి, దాన్ని గౌరవంగా ముగించడం అంటే నేను ఒప్పుకోను. తర్వాతి సినిమాలు అమ్ముకోవడానికి ఆమె మెడ వంచారు. గొంతు తీసేసినప్పుడే ఇది తెలిసి ఉండాల్సింది నాకు.

ఇంటికొచ్చేసరికి చిన్నమ్మ మా గడపలో కూర్చుని ఉంది. నా కోసమే వచ్చింది, పైకి మాత్రం అవ్వ దగ్గర దారం అడగడానికి వచ్చానన్నది.

"మట్టి దొరికిందా?"

"దొరికింది చిన్నమ్మా. నల్లరేగడి."

ఆమె మొహం కాస్త విప్పారింది. "మరి కెప్టెనమ్మ ఏం చేసింది?"

"నువ్వే విందువు గాని," అని లోపలికి వెళ్లిపోయాను.

కొన్ని నెలలకు ఆ సినిమా ఇంట్లో చూసుకునేందుకు వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో పెట్టాను. "టికెట్ కొనుక్కొని వోతలేం గద," అని అవ్వ పోయి చెల్లెల్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. చాటలు దిగాయి, కత్తెరలు మొదలయ్యాయి. మొదటి సీన్‌లోనే ఓడలో నీళ్లు దొంగిలించిన మనిషిని కెప్టెన్ నిలదీస్తుంది. ఆ సన్నటి గొంతు వాడిని ముద్దుగా మందలించింది.

"గట్లనా తిట్టుడు?" అన్నది చిన్నమ్మ, చాటలోంచి తల ఎత్తకుండానే.

"మరెట్ల తిడుతది?" అన్నది మాక్లూర్ అక్క.

చిన్నమ్మ చెప్పి చూపించింది. "నీళ్లు నీ అయ్యవా? పిల్లల నోటికాడియి తాగినవ్. నిలవడు. ఎటు వోతున్నవ్, నిలవడు." గొంతు గరగరమంటూ గోడకు తగిలి వచ్చింది. ఎవరూ నవ్వలేదు. అవ్వ చేతిలో దారం ఆగింది.

"గట్లుండాలె," అన్నది మాక్లూర్ అక్క. "గా పొల్లను బంద్ వెట్టు. అక్కనే చెప్పుమను."

"నాకెందుకే," అన్నది చిన్నమ్మ. "నవ్వుతరు."

"ఎవలున్నరు నవ్వనీకి?" అన్నది అవ్వ.

నేను రిమోటుతో టీవీ మాట తీసేశాను. కింద ఇంగ్లీషు అక్షరాలు పెట్టాను. చిన్నమ్మ పక్కన కూర్చుని, చదివింది చదివినట్టు తెలుగు చేసి ఆమె చెవిలో చెబుతూ పోయాను. ఆమె దాన్ని తన మాటలో గట్టిగా చెప్పింది. మిగతా అందరి మాటలూ నావే: ఇంజినీరు నేనే, దొంగ నేనే, కేంద్రంలో ముసలాయన కూడా నేనే. మధ్య మధ్యలో తెలుగు అందక సినిమా ఆపితే, "ఆపకు, చేయాగుతది" అని గదమాయించారు. చిన్నమ్మ మొదట్లో తడబడింది. ఒకచోట ఓడ రెక్క విరిగి పిల్లలంతా ఏడుస్తుంటారు. అక్కడ ఆమె నా చెవిమాట కోసం ఆగలేదు. ఏడువకుండ్రి, నేనున్న, మీ పక్కపొంటి కూసొని ఓడ నడుపుత అన్నది. సినిమాలో ఆ మాట లేదు. ఎవరో ముక్కు చీదుకోవడం వినపడింది. చేతులు మాత్రం చుడుతూనే ఉన్నాయి.

మట్టి దొరికింది. చిన్నమ్మ గొంతులో ఆ మాట వింటే, నిజామాబాద్ హాలులో లేనిదేదో మా గదిలోకి వచ్చింది. తర్వాత కేంద్రం ఆఫీసరు దిగాడు.  ఓడ అప్పగించండి కెప్టెన్ అని వాడి మాట నేనే చెప్పాను. తర్వాత కింద అక్షరాలు చదివి, ఆమె చెవి దగ్గర వంగి నెమ్మదిగా చెప్పాను: "ఇక ఓడ మీది. నా పని అయిపోయింది."

చిన్నమ్మ నా వైపు తిరిగింది. నిజంగా అంత మాట అన్నదా అన్నట్టు నా కళ్లలోకి చూసింది. నేను అవునని తల ఊపాను. ఆమె మళ్లీ చాట వైపు తిరిగి, ఒక ఆకు తీసుకుని, తంబాకు పరిచింది.

"ఇయ్య," అన్నది.

గదిలో కత్తెరలు కదులుతున్నాయి.

"ఓడ ఇయ్య. ఎవలు అడిగినా ఇయ్య. మట్టి దొరికేదాన్క మీరు లేరు, దొరికినంక వచ్చిండ్రు. మీరు ఎట్లొచ్చిండ్రో గట్లనే వోండ్రి."

"మంచిగ చెప్పింది," అన్నది అవ్వ, బీడీ మూతి మడుస్తూ.

తెర మీద ఆ తెల్లావిడ మెడలోంచి బిళ్ల తీసి ఇచ్చేసింది. తలదించుకుని పొగమంచులోకి నడిచింది. మా ముందుగదిలో ఒక్కరు కూడా తల ఎత్తలేదు. ఆఫీసరు మాట చెప్పాల్సింది నేనే. కింద అక్షరాల్లో ఏముందో చదవడం మానేశాను.

"సరే కెప్టెన్," అన్నాను, "మీరు చెప్పినట్టే."